బీథోవెన్ ఇంటిపేరు: ఏడు తరాల లెక్క

1818 డిసెంబరులో వియన్నాలోని ఒక న్యాయస్థానం లూడ్విగ్ వాన్ బీథోవెన్‌ను కులీనుడివేనా, రుజువేమైనా ఉందా అని అడిగింది. అప్పటికాయనకు నలభై ఎనిమిదేళ్లు. వినికిడి దాదాపు పూర్తిగా పోయింది. చనిపోయిన తమ్ముడి కొడుకు కార్ల్‌ను ఎవరు పెంచాలన్న విషయంలో మరదలు యొహాన్నాతో దావా నడుస్తోంది. ఆ న్యాయస్థానం కులీనుల వ్యాజ్యాలు వినేది. పేరు మధ్యలో ఉన్న ‘వాన్’ను చూసి అది జర్మన్ కులీనుల ‘ఫాన్’ లాంటిదేనని వియన్నా అంతా అనుకుంటూ వచ్చింది. ఆయన కూడా ఎప్పుడూ కాదనలేదు. తీరా కాగితం చూపమనేసరికి చూపడానికేమీ లేకపోయింది. దావా సామాన్య పౌరుల న్యాయస్థానానికి బదిలీ అయింది. ఆ దెబ్బ ఆయనను చాలాకాలం బాధించింది.

రెండు శతాబ్దాల తరవాత అదే ఇంటిపేరును మరికొందరు ఇంకా లోతుగా ప్రశ్నించారు. ఆ పేరు తండ్రి నుంచి కొడుక్కి ఎలా వచ్చిందో చర్చి పుస్తకాలు చెబుతున్నాయి. మరి రక్తం కూడా అదే దారిన వచ్చిందా? ట్రిస్టన్ బెగ్, యొహానెస్ క్రౌజా, మార్టెన్ లార్‌మ్యూజో, విలియం మెరిడిత్ తదితరులు కలిసి చేసిన ఈ పరిశోధన 2023 మార్చిలో ‘కరెంట్ బయాలజీ’ పత్రికలో వెలువడింది. పత్రికలు ఎక్కువగా ఆయన కాలేయం గురించీ చెవుడు గురించీ రాశాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం ఇంటిపేరుకు సంబంధించిన భాగం. దాని పనితనం గురించే ఈ వ్యాసం.

ముందు పేరు సంగతి. ప్రపంచం జర్మన్ సంగీతానికి ప్రతీకగా తలచుకునే ఈ ఇంటిపేరు పుట్టుకతో జర్మన్ కాదు, ఫ్లెమిష్. ఫ్లెమిష్‌లో ‘వాన్’ అంటే ‘ఫలానా ఊరివాళ్లు’ అని మాత్రమే. రైతులకూ, రొట్టెలు కాల్చేవాళ్లకూ కూడా అది ఉంటుంది. ఇప్పటి బెల్జియంలో బెట్టెన్‌హోవెన్ అనే పల్లె ఉంది. ఫ్రెంచి మాట్లాడేవాళ్లు దాన్ని బెట్టెన్‌కూర్ అంటారు. ఇంటిపేరుకు మూలం ఆ ఊరేనని సాధారణంగా చెబుతారు. ఊరి పేరు ఇంటిపేరు కావడం తెలుగువాళ్లకు వివరించాల్సిన విషయం కాదు. ఊరు వదిలి పొరుగూరికి వెళ్లినవాణ్ని అక్కడివాళ్లు పాత ఊరి పేరుతో పిలుస్తారు. రెండు మూడు తరాల్లో ఆ పిలుపు స్థిరపడిపోతుంది.

ఈ వంశంలో పరిశోధకులు పట్టు దొరికించుకున్న పూర్వికుడు ఆర్ట్ వాన్ బీథోవెన్. ఆయన 1535లో పుట్టి 1609లో చనిపోయాడు. బ్రస్సెల్స్‌కు ఈశాన్యంలో ఉన్న కాంపెన్‌హౌట్ ఆయన ఊరు. ఆయన భార్య యోసైనాను మంత్రగత్తె అన్న నేరం మోపి 1595లో బ్రస్సెల్స్‌లో సజీవదహనం చేశారు. వంశావళిలో ఆ ఒక్క వాక్యం దగ్గర ఎవరైనా ఆగిపోతారు. వాళ్ల కొడుకు హెండ్రిక్ సుమారు 1572లో పుట్టాడు. హెండ్రిక్ కొడుకు మార్కస్, మార్కస్ కొడుకు కోర్నేలియస్. కోర్నేలియస్ మెఖెలెన్ పట్నంలో స్థిరపడ్డాడు. ఆయన కొడుకు మిఖీల్ అక్కడ రొట్టెల బట్టీ నడిపాడు. ఇతర వ్యాపారాల్లోనూ చేయి పెట్టి అప్పులపాలై, చివరికి 1741 ప్రాంతంలో ఊరు వదిలి బాన్‌లో ఉన్న కొడుకు దగ్గరికి చేరాడు. ఆ కొడుకు లోడెవైక్. మెఖెలెన్ చర్చిలో పాటల కుర్రాడిగా మొదలై, లూవెన్, లియేజ్ చర్చిల్లో పాడి, 1733లో కొలోన్ పాలకుడు క్లెమెన్స్ ఆగస్ట్ పిలుపు మీద బాన్ ఆస్థానంలో గాయకుడిగా కుదిరాడు. 1761లో ఆస్థాన సంగీత విభాగానికి అధిపతి అయ్యాడు. ఆయనతోనే ఆ ఇల్లు జర్మన్ మాట్లాడే ఇల్లయింది. లోడెవైక్ కొడుకు యొహాన్ కూడా ఆస్థాన గాయకుడే. యొహాన్ కొడుకు, తాత పేరే పెట్టుకున్న లూడ్విగ్, బాన్‌లో 1770 డిసెంబరు 17న బాప్తిస్మం పొందాడు.

హెండ్రిక్ నుంచి లూడ్విగ్ దాకా లెక్కపెడితే సరిగ్గా ఏడు తరాలు. ఈ వరసను కట్టింది జన్యుశాస్త్రం కాదు. చర్చి పుస్తకాలు, ఆస్తి పత్రాలు, పట్టణ దస్తావేజులు తిరగేసిన వంశచరిత్రకారులు కట్టారు. ఈ పనిని నేను ముందుగా మెచ్చుకుంటాను, ఎందుకంటే తరవాత వచ్చిన ప్రయోగశాల పనంతా దీనిమీదే నిలబడింది. ఎవరు ఎవరి కొడుకో ఇంత కచ్చితంగా రాసిపెట్టి ఉండకపోతే, క్రోమోజోము చెప్పే మాటను పోల్చి చూడడానికి అవతల పక్క ఏమీ ఉండేది కాదు.

ఇక రక్తం వైపు లెక్క. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తుంది. అది దాదాపు మారకుండా దిగివస్తుంది. మధ్యమధ్య ఏదో ఒక చోట ఒక చిన్న మార్పు పడుతుంది, ఆ మార్పు ఆ తరవాతి మగసంతానమంతటికీ గుర్తుగా మిగులుతుంది. ఐరోపాలో ఇంటిపేరు కూడా ఇదే దారిన నడుస్తుంది. అందుకే ఒకే ఇంటిపేరున్న మగవాళ్ల వై క్రోమోజోములు కలుస్తాయా అన్న ప్రశ్న చాలాకాలంగా శాస్త్రజ్ఞులను ఊరిస్తోంది. 2000లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు బ్రయన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న 48 మంది ఆంగ్లేయులను పరీక్షిస్తే, వాళ్లలో సగానికి కాస్త తక్కువ మందికి ఒకే గుర్తు కనిపించింది. బీథోవెన్ విషయంలో చిక్కేమిటంటే, పోల్చడానికి ఆయన దగ్గరి మగ వారసులే లేరు. ఆయనకు పిల్లల్లేరు. తమ్ముడి కొడుకు కార్ల్ మనవడు కార్ల్ యూలియస్ 1917లో వియన్నాలో చనిపోవడంతో లోడెవైక్ మగసంతతి అంతరించింది. ఒకవైపు 1827లో చనిపోయిన మనిషి డీఎన్ఏ కావాలి, మరోవైపు బెల్జియంలో మిగిలిన దాయాదులు కావాలి.

చనిపోయిన మనిషి డీఎన్ఏ దొరికింది జుట్టు పాయల్లో. ఆ రోజుల్లో ప్రియమైనవాళ్ల జుట్టు కత్తిరించి దాచుకోవడం మామూలే. బీథోవెన్ పోయిన మూడు రోజులకు, 1827 మార్చి 29న అంత్యక్రియల నాటికి, ఆయన మిత్రుడి కొడుకు గెర్హార్ట్ ఫాన్ బ్రాయ్‌నింగ్ ఒక పాయ కోసం వెళ్తే అప్పటికే వేరేవాళ్లు జుట్టంతా కత్తిరించుకుపోయారట. అలా చెల్లాచెదురైన పాయల్లో ఎన్నో మ్యూజియంలకూ, వ్యక్తిగత సేకరణలకూ చేరాయి. ఏది అసలు, ఏది నకిలీ అన్నది వాటి పక్కనున్న చీటీల మీదా, చేతులు మారిన కథల మీదా నమ్మకం ఉంచి తేల్చుకోవలసిన విషయంగానే ఉండిపోయింది. ఆయన పేరున్న ఎనిమిది పాయలను ఈ బృందం తీసుకుంది.

ఆ పాయల్లో రెండు నాకు ఎంతో ఇష్టమైనవి. ఒకటి పియానో వాద్యకారుడు ఆంటోన్ హాల్మ్‌కు దక్కింది. హాల్మ్ భార్య బీథోవెన్ జుట్టు కావాలని ఎంతో ఆశపడితే, మధ్యవర్తి ద్వారా ఆమెకు అందింది మేక గడ్డం వెంట్రుకలు! సంగతి తెలిసిన బీథోవెన్‌కు ఒళ్లు మండి, 1826 ఏప్రిల్‌లో తన తలలోంచే ఒక పాయ కత్తిరించి హాల్మ్ చేతికిచ్చాడు. తరవాత అది బీథోవెన్ జీవితచరిత్ర రాసిన అమెరికన్ థేయర్‌కు చేరింది. రెండోది యొహాన్ ఆండ్రియాస్ స్టుంఫ్‌దగ్గరున్న పాయ. లండన్‌లో హార్ప్ వాద్యాలు తయారుచేసిన ఈ జర్మన్, జబ్బుపడ్డ బీథోవెన్‌కు 1826 చివర్లో హాండెల్ రచనల సంపుటాలన్నీ కానుకగా పంపి ఆయన చివరి రోజుల్లో గొప్ప సంతోషం నింపాడు. వీటిని దాచినవాళ్లలో ఎవరికీ డీఎన్ఏ అనే మాట తెలియదు. అయినా వాళ్లు ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో రాసిపెట్టారు.

కత్తిరించిన వెంట్రుకలో డీఎన్ఏ చదవడం కష్టం. కుదురు ఉంటే బాగా దొరుకుతుంది, కత్తిరించినదానికి కుదురు ఉండదు. కాండంలో మిగిలేవి చిన్న చిన్న తునకలు మాత్రమే. పైగా రెండు వందల ఏళ్లలో ఆ పాయను ఎందరు చేతుల్లోకి తీసుకున్నారో! వాళ్ల డీఎన్ఏ కూడా అంటుకుని ఉంటుంది. దీన్ని వడకట్టడానికి పరిశోధకులు వాడిన కొలబద్ద పాత డీఎన్ఏకుండే ఒక గాయం. కాలం గడిచేకొద్దీ తునకల చివర్లలో సైటోసిన్ అనే అక్షరం పాడైపోతుంది, చదివే యంత్రానికది థైమిన్‌లాగా కనిపిస్తుంది. కొత్తగా అంటుకున్న డీఎన్ఏకు ఆ గాయం ఉండదు. పాయల్లోని గాయాల తీరు పంతొమ్మిదో శతాబ్దం మొదటి భాగానికి సరిపోయింది. కాలం చెరిపేసిన దాన్నే వయసుకు సాక్ష్యంగా నిలబెట్టిన ఈ ఉపాయం, పురాతన డీఎన్ఏ పరిశోధన మొత్తంలో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది.

ఎనిమిది పాయల్లో అయిదు ఒకే పురుషుడివని తేలింది. ఆ అయిదూ బీథోవెన్ చివరి ఏడేళ్లలో వేర్వేరు సందర్భాల్లో, వేర్వేరు మనుషుల చేతుల్లోకి వెళ్లినవి. ఒకరికొకరు సంబంధం లేని దారుల్లో వచ్చిన అయిదు పాయలు ఒకే మనిషిని చూపిస్తే, ఆ మనిషి బీథోవెన్ కాకపోవడానికి ఆస్కారం దాదాపు లేదు. ఇక్కడ పాయలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి. అన్నిటికన్నా బాగా నిలిచింది స్టుంఫ్‌పాయ. దాని నుంచి జన్యుపటాన్ని సగటున 24 సార్లు చదవగలిగారు. బతికున్న మనిషి నెత్తురు తీసి చదివించినప్పుడు కోరుకునే స్థాయికి అది దగ్గరే.

మిగిలిన మూడింటిలో ఒకదాని గురించి చెప్పకుండా ఉండలేను. బీథోవెన్ పార్థివదేహం దగ్గర పదిహేనేళ్ల ఫెర్డినాండ్ హిల్లర్ కత్తిరించుకున్నాడని చెప్పే పాయ 1994లో లండన్ వేలంలో అమ్ముడై, చివరికి శాన్‌హోజేలోని బీథోవెన్ అధ్యయన కేంద్రానికి చేరింది. దాని మీద పుస్తకం వచ్చింది. దానిలో కనిపించిన సీసం ఆధారంగా బీథోవెన్‌కు సీసం విషమెక్కిందన్న సిద్ధాంతం ప్రపంచమంతా పాకింది. 2023 పరిశోధన అది ఒక స్త్రీ జుట్టని తేల్చింది. ఆ కేంద్రానికి తొలి సంచాలకుడైన విలియం మెరిడిత్ ఈ పరిశోధన రచయితల్లో ఒకరు. తమ సంస్థ అపురూపంగా దాచుకున్నది బీథోవెన్‌ది కాదని తేల్చే పత్రం మీద ఆయన పేరుంది. పనిమీద నిజమైన గౌరవం ఉన్నవాళ్లే అలా చేయగలరు. ఆ తరవాత 2024లో మరో బృందం అసలు పాయల్లోనే రెండింటిని పరీక్షిస్తే సీసం నిజంగానే చాలా ఎక్కువగా ఉందని తేలింది. అయితే ఆయన ప్రాణం తీసేంత కాదని ఆ బృందం అభిప్రాయపడింది.

జబ్బుల సంగతి త్వరగా చెప్పేస్తాను. చెవుడుకు జన్యు కారణం దొరకలేదు. కాలేయవ్యాధికి దారితీసే బలమైన జన్యుపరమైన ముప్పు కనిపించింది. చనిపోవడానికి కనీసం కొన్ని నెలల ముందే హెపటైటిస్-బి సోకిన జాడలు కూడా దొరికాయి. తన జబ్బేమిటో మరణానంతరం లోకానికి చెప్పమని బీథోవెన్ 1802లోనే రాసిపెట్టాడు కాబట్టి, ఇదంతా ఆయన కోరికను కొంత తీర్చినట్టే.

ఇప్పుడు ఇంటిపేరు దగ్గరికి వద్దాం. వంశచరిత్ర ద్వారా మనుషుల పితృవంశాలను తవ్వడంలో దిట్ట అయిన లూవెన్ విశ్వవిద్యాలయం పరిశోధకుడు లార్‌మ్యూజో బెల్జియంలో వాన్ బీథోవెన్ ఇంటిపేరుతో బతికి ఉన్న అయిదుగురు పురుషులను పరీక్షకు ఒప్పించారు. కాగితాల ప్రకారం వాళ్లంతా ఆర్ట్ సంతతి, లూడ్విగ్‌కు దూరపు దాయాదులు. వాళ్ల వై క్రోమోజోములు ఒకదానితో ఒకటి కలిశాయి. పశ్చిమ ఐరోపాలో అతి మామూలుగా కనిపించే ఆర్1బి అనే పెద్ద వర్గంలో ఒక చిన్న కొమ్మ అది. స్టుంఫ్‌పాయ చూపింది మాత్రం ఐ1 అనే వేరే వర్గం.

ఈ తేడా ఎంత పెద్దదో గమనించాలి. ఏడు తరాల్లో వై క్రోమోజోము మీద అక్కడక్కడా ఒకటో రెండో అక్షరాలు మారవచ్చు. ఆర్1బి, ఐ1 వర్గాల మూలపురుషులు పదుల వేల ఏళ్ల క్రితమే విడిపోయారు. కాబట్టి ఇది మార్పు పడడం వల్ల వచ్చిన తేడా అనడానికి వీల్లేదు. ఏడు తరాల్లో ఎక్కడో ఒకచోట, పుస్తకంలో తండ్రిగా రాసిన మనిషి శరీరపరంగా తండ్రి కాదు.

అయిదుగురిని పరీక్షించడంలోని వివేకం ఇక్కడ బయటపడుతుంది. బెల్జియం నుంచి ఒక్కరే వచ్చి ఉంటే, తేడా ఆయన వైపు ఉందో లూడ్విగ్ వైపు ఉందో చెప్పలేం. ఆయన తాతల్లో ఎవరో ఒకరి దగ్గరే వరస మారి ఉండవచ్చు. అయిదుగురూ ఒకే గుర్తు చూపడంతో ఆర్ట్ ఇంటి అసలు గుర్తు ఆర్1బి అని బలంగా నమ్మే ఆధారం దొరికింది. వేరుపడింది లూడ్విగ్ దారిలోనే అని బృందం నిర్ధారించింది.

అక్కడే వాళ్లు ఆగారు. 1572 ప్రాంతంలో కాంపెన్‌హౌట్‌లో హెండ్రిక్ తల్లి కడుపున పడినప్పటి నుంచి, 1770లో బాన్‌లో లూడ్విగ్ తల్లి కడుపున పడిన దాకా, ఈ మధ్యలో కనీసం ఒకసారి ఇది జరిగిందని మాత్రమే పత్రం చెబుతుంది. ఏ తరంలో అన్నది చెప్పదు. ‘కనీసం ఒకసారి’ అన్న మాట కూడా ఊరికే పడింది కాదు. రెండుసార్లు జరిగినా ఫలితం ఇలాగే కనిపిస్తుంది కాబట్టి ఆ మాట అవసరం. లూడ్విగ్ తండ్రి యొహాన్ బాప్తిస్మం రికార్డు ఎక్కడా దొరకలేదు. పత్రికల్లో కొందరు ఆ ఖాళీని చూసి వేలెత్తి చూపాలని ఉబలాటపడ్డారు. పరిశోధకులు దాన్ని ప్రస్తావించారు గానీ, దొరకని కాగితాన్ని నేరానికి రుజువుగా చూపలేదు.

ఈ నిగ్రహం నాకు గొప్పగా తోచడానికి కారణం ఉంది. బీథోవెన్ బతికుండగానే ఆయన తల్లి మీద ఒక నింద పుట్టింది. ఆయన ప్రష్యా రాజుకు పుట్టాడని విజ్ఞానకోశాల్లో అచ్చయింది. చిన్ననాటి మిత్రుడు వేగెలర్ ఆ రాతను ఖండించమని ఆయనకు రాశాడు. 1826లో రాసిన జవాబులో బీథోవెన్ ఆ బాధ్యత వేగెలర్‌కే అప్పగించి, తన తల్లిదండ్రుల, ముఖ్యంగా తల్లి నిజాయితీని లోకానికి తెలియజెయ్యమని కోరాడు. ఏడు తరాల్లో ఏడుగురు తల్లులున్నారు. 1770 నాటి తల్లి మరియా మగ్దలేనా దగ్గరే ఇది జరిగిందని ఏ ఆధారం చెప్పడం లేదు. పత్రం రాసినవాళ్లు ఒక్క వాక్యం అజాగ్రత్తగా రాసినా ఆ పాత నింద మళ్లీ లేచేది. వాళ్లు ఆ అవకాశం ఇవ్వలేదు.

ఇలాంటి సంఘటన అరుదేమీ కాదనడానికి లార్‌మ్యూజో 2019 నాటి పరిశోధన ఉంది. బెల్జియం, నెదర్లాండ్స్‌లలో కాగితం ప్రకారం ఒకే మూలపురుషుడి సంతతి అయిన 513 జతల పురుషులను ఆయన బృందం పోల్చింది. తరానికి నూటికి ఒకటి రెండు చొప్పున తండ్రి మారినట్టు ఆయన పనుల్లో తేలింది. పల్లెల్లో రైతుల్లో ఇది చాలా తక్కువ, పంతొమ్మిదో శతాబ్దపు కిక్కిరిసిన పట్టణాల్లోని నిరుపేద కుటుంబాల్లో ఆరు శాతం దాకా ఉంది. ఒకటి నుంచి రెండు శాతం వేసుకుని ఏడు తరాలకు నేను లెక్కకట్టి చూస్తే, ఎక్కడో ఒకచోట వరస మారి ఉండే అవకాశం నూటికి ఏడు నుంచి పదమూడు దాకా వస్తుంది. ఏడు తరాల వంశాలు పదింటిని తీసుకుంటే, సుమారు ఒకదానిలో ఇలాంటిది ఉండి ఉంటుంది. మిగతా వంశాలవాళ్లు పరీక్షించుకోలేదు, అంతే.

వై క్రోమోజోము మనిషి జన్యువుల్లో ఒక సన్నని పోగు మాత్రమేనన్న సంగతి కూడా పరిశోధకులు మరిచిపోలేదు. మిగతా జన్యుపటాన్ని ఒక వంశావళి పరీక్షల సంస్థ దగ్గరున్న పెద్ద సమాచార నిధితో పోల్చారు. బీథోవెన్‌తో ఎక్కువ పోలికలున్న మనుషులు ఇప్పటి జర్మనీలోని నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో, అంటే బాన్ ఉన్న రాష్ట్రంలో, రైన్ నది వెంబడి తేలారు. అమ్మ ఎహ్రెన్‌బ్రైట్‌స్టైన్ అమ్మాయి, తాత మెఖెలెన్ నుంచి వచ్చినవాడు. ఈ రెండూ పెద్ద దూరమేమీ కాదు. పొరుగునే ఉన్న రెండు జనాల మధ్య ఈ రకం పోలిక అంత సూక్ష్మంగా గీత గీయలేదనే నేననుకుంటాను. కాబట్టి ఫ్లెమిష్ తాత నిజంగా రక్తసంబంధమేనా అన్నదాన్ని ఈ పటంతో తేల్చలేం.

తాత లోడెవైక్ చనిపోయినప్పుడు లూడ్విగ్‌కు మూడేళ్లు. ఆ తాత చిత్రపటాన్ని 1801లో బాన్ నుంచి వియన్నాకు తెప్పించుకుని, జీవితాంతం ఎన్ని ఇళ్లు మారినా వెంట తీసుకెళ్లాడు. ఇంటిపేరూ, తాత పేరూ, సంగీతమూ ఆయనకు ఆ ఇంటి నుంచే వచ్చాయి. ఈ పరిశోధన వాటిలో దేన్నీ కదిలించలేదు, కదిలించాలని ప్రయత్నించనూ లేదు.

బీథోవెన్ జన్యుపటాన్ని ఇతర పరిశోధకులకూ అందుబాటులో ఉంచారు. ఏడు తరాల్లో ఏది అన్నది తేల్చడానికి దారి ఒకటి ఇంకా తెరిచే ఉంది. మార్కస్, కోర్నేలియస్, మిఖీల్‌ల ఇతర కొడుకుల నుంచి తెగకుండా దిగివచ్చిన మగసంతతి బెల్జియంలో ఎక్కడైనా బతికి ఉంటే, వాళ్లలో ఒక్కరి వై క్రోమోజోము చాలు. అది ఆర్1బి అయితే మార్పు ఆ విడిపోయిన చోటు తరవాత జరిగిందని, ఐ1 అయితే అంతకు ముందే జరిగిందని తెలుస్తుంది. 1572 నుంచి 1770 దాకా పరుచుకున్న 198 ఏళ్ల ఎడం అప్పుడు కొంతైనా కుదించుకుపోతుంది. ఆ దాయాదిని వెతకడానికి మళ్లీ మెఖెలెన్, కాంపెన్‌హౌట్ చర్చి పుస్తకాలే తిరగెయ్యాలి.